తగ్గుతుంది సరే, ఏది తగ్గుతుంది?

సందేహం: బెంగళూరులో ఒక కేన్సర్ ఆసుపత్రిలో వాలంటీరుని. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చే రోగులకు డాక్టర్ల మాట తెలుగులో చెబుతుంటాను. 'పాలియేటివ్ కేర్'ని, అంటే జబ్బు పెట్టే బాధను తగ్గించే వైద్యాన్ని, ఉపశమన చికిత్స అంటున్నాను. తలూపుతారు గానీ అర్థమైనట్టు ఉండదు. ఇంకో మాట ఉందా?

సమాధానం: ఉపశమనం మంచి మాటే, శాంతి పుట్టిన ధాతువులోంచే ఇదీ పుట్టింది. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ 'పాలియం' అంటే పైన కప్పుకునే వస్త్రం. పేరు ఏదైనా పరవాలేదు, నాకు భయమల్లా 'తగ్గుతుంది' అనే చిన్న మాటతోనే.

'జ్వరం తగ్గింది' అంటే జ్వరం పోయిందని. 'ధర తగ్గింది' అంటే కాస్త దిగిందని. క్రియ ఒకటే, పైగా తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నిలబడిపోతుంది. మా పెద్దమ్మకి జబ్బు కాలేయానికి పాకాక ఇక్కడే ఒక ఆసుపత్రిలో చూపించాం. నొప్పికి మార్ఫిన్ మాత్ర రాసిన డాక్టరు, కన్నడం కలిసిన తెలుగులో, పాపం ఎంతో ఓపిగ్గా, 'నాలుగు గంటలకోసారి వేసుకోండమ్మా, తగ్గుతుంది' అన్నారు. ఆయన చెప్పింది నొప్పి సంగతి. ఆ సాయంత్రం ఆవిడ ఫోన్లో మా అన్నయ్యతో 'తగ్గుతాదంటరా, ఉగాదికి ఊరికొస్తా, ఇంటికి సున్నం కొట్టించు' అంది. పక్కనే కూర్చుని నోరు విప్పలేకపోయాను, ఇన్నేళ్లు భాష చెప్పుకు బతికినవాణ్ణి.

నయం కూడా ఇంతే: 'నిన్నటికంటే నయం' వేరు, 'నయమైంది' వేరు. ఇక 'నాలుగో దశ' అనకండి, స్టేజి అనండి. దశ అనగానే మనవాళ్లకు శని దశ గుర్తొస్తుంది, అది ఎప్పటికో మారేదే కదా అనుకుంటారు. 'ఇక చేసేదేం లేదు' అన్న మాట మాత్రం అసలు వద్దు, అది అబద్ధం కూడా. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, వీటన్నిటికీ చేసేది చాలా ఉంది, కేన్సర్ మందులు నడుస్తుండగానే మొదలుపెట్టొచ్చు.

ముందు 'ఇప్పటిదాకా మీకు ఏం చెప్పారమ్మా?' అని అడగండి. అన్నీ తెలుసుకోవాలని ఉందో లేదో కూడా కనుక్కోండి. ఉందంటే, కర్తను మింగెయ్యకుండా చెప్పండి: 'ఈ మాత్రతో నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. గడ్డ మాత్రం పోదు.' కాసేపు ఊరుకోండి, ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత 'ఇంట్లోవాళ్లకి ఏమని చెబుతారు?' అని అడగండి. 'నొప్పి తగ్గుతాదంట' అన్నారా, మీ మాట చేరింది. ఉత్త 'తగ్గుతాదంట' అన్నారంటే మళ్లీ మొదటినుంచి చెప్పాలి.