మందుల ముచ్చట: మూడు యాంపుల్స్ ఒకేసారా?

ప్రశ్న: జెంటామైసిన్ 80 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు ఇవ్వడం మాకు అలవాటు. కొత్తగా వచ్చిన డాక్టరుగారు 48 కిలోల పేషెంటుకు మూడు యాంపుల్స్ కలిపి పొద్దున ఒకేసారి ఎక్కించమని రాశారు. కిడ్నీకి ఇది మరీ ప్రమాదం కాదా?
స్టాఫ్ నర్సు, కందుకూరు

జవాబు: కాదు. నిజానికి కిడ్నీకి ఇదే కాస్త నయం. మూడు 80లైనా ఒక 240 అయినా రోజు మొత్తానికి మందు అంతే; కిలోకు 5 మి.గ్రా. చొప్పున 48 కిలోలకు సరిగ్గా 240. తేడా అంతా రక్తంలో మందు ఎంత పైకి లేచింది, మళ్లీ ఎంత కిందికి దిగింది అన్నదాంట్లోనే ఉంది.

జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్‌ల జాతి పేరు అమైనోగ్లైకోసైడ్లు. ఇవి బాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు, అందులోని 30ఎస్ అనే చిన్న భాగానికి అతుక్కుంటాయి. దాంతో రైబోజోమ్ సంకేతాన్ని తప్పుగా చదివి, పనికిరాని ప్రోటీన్లు కడుతుంది. అవి బాక్టీరియా పొరలో ఇరుక్కుని దాన్ని ఓటిది చేస్తాయి. ఆ కంతల్లోంచి మందు ఇంకా లోపలికి దూరుతుంది. అందుకే గాఢత పెరిగేకొద్దీ చంపే జోరు పెరుగుతుంది. ఆ బాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస గాఢతకు 8 నుంచి 10 రెట్లు ఒక్కసారి అందిందా, మందు తగ్గిపోయాక కూడా మిగిలినవి కొన్ని గంటలు తేరుకోలేవు.

కిడ్నీ గొట్టాల్లోని కణాలకు ఈ మందును పట్టుకునే శక్తికి ఒక హద్దుంది. ఒకేసారి ఎక్కువ వస్తే పట్టినంత పట్టుకుంటాయి, మిగతాది మూత్రంలో పోతుంది. అదే ఎనిమిది గంటలకోసారి ఇస్తే కోడికి గింజలు జల్లుతూ పోయినట్టే, రోజంతా ఏరుకుంటూనే ఉంటాయి. తర్వాతి డోసుకు ముందు రక్తంలో జెంటామైసిన్ లీటరుకు 1 మి.గ్రా. లోపుకు దిగాలి.

ఇక ఎక్కించే పద్ధతి. 80 మి.గ్రా. యాంపుల్‌లో 2 మి.లీ. ఉంటుంది కాబట్టి మూడింటికి 6 మి.లీ. దాన్ని 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి 30 నుంచి 60 నిమిషాల్లో పోనివ్వండి. ఇంత డోసును సిరంజితో గబగబా నెట్టేయకూడదు. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఈ మందు అడ్డగించగలదు, ఊపిరి ఆడకపోవచ్చు. ఆపరేషన్‌లో కండరాలు సడలించే మందు పడిన పేషెంటు అయితే ఈ ముప్పు మరీ ఎక్కువ. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ అందుబాటులో పెట్టుకోండి. మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్నవారికి అసలు వద్దు. ఎంటిరోకాకస్ అనే బాక్టీరియా వల్ల గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు మాత్రం పాత పద్ధతిలో చిన్న డోసులుగానే ఇస్తారు, కనుక డాక్టరుగారు అక్కడ మూడుసార్లని రాస్తే పొరపాటనుకోకండి.

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు, 55 కిలోలు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని ఊళ్లో ఒక క్లినిక్‌లో అమికాసిన్ 500 పొద్దునా సాయంత్రం వేస్తున్నారు. క్రియాటినిన్ 1.6 ఉంది. ‘మూత్రం బాగానే పోస్తున్నాడు కదా, ఏం కాదు’ అంటున్నారు. నిజమేనా?
కనిగిరి పాఠకుడు

జవాబు: మూత్రం బాగా రావడం ఇక్కడ భరోసా కాదు. ఈ మందుతో కిడ్నీ దెబ్బతిన్నప్పుడు చాలామందిలో మూత్రం తగ్గదు. క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపే వ్యర్థం) ఒక్కటే రక్తంలో చాపకింద నీరులా పెరుగుతుంది, అదీ సాధారణంగా ఐదారు రోజుల తర్వాత.

1.6 చూడ్డానికి చిన్న అంకె. లెక్క కట్టి చూడండి: 140లోంచి వయసు 62 తీసేస్తే 78. దాన్ని బరువు 55తో గుణిస్తే 4,290. దీన్ని 72, 1.6ల లబ్ధం 115.2తో భాగిస్తే కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 37 మి.లీ. (ఆడవారికైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి.) అంటే వడపోత బాగా తగ్గింది. అమికాసిన్ ఒంట్లో మారకుండా అలాగే కిడ్నీగుండానే బయటికి పోవాలి. ఆరోగ్యవంతుల్లో రెండు మూడు గంటల్లో సగం పోయేది, ఈయనలో దాదాపు ఆరు గంటలు పట్టవచ్చు. సాయంత్రం సూది వేసేసరికి పొద్దుటిది దాదాపు పావువంతు ఇంకా అక్కడే ఉంటుంది.

మీరుగా ఆపేయకండి, డోసు సగం చేయమనీ అడగకండి. డోసు తగ్గితే చంపే గాఢత అందదు. తగ్గించవలసింది డోసు కాదు, పెంచవలసింది సూదికీ సూదికీ మధ్య ఎడం. ఈ లెక్క చూపి ‘ఎడం 36 గంటలో 48 గంటలో చేయాలా? యూరిన్ కల్చర్‌లో కిడ్నీకి ఇబ్బంది లేని వేరే మందు పనిచేస్తుందని వచ్చిందా?’ అని ఇవాళే అడగండి. క్రియాటినిన్ కనీసం రోజు మార్చి రోజు చూడాలి.

మీ వైపు నీళ్లలో ఫ్లోరైడ్, కీళ్లనొప్పులు, వాటికి డైక్లోఫెనాక్ మాత్రలు మామూలే. ఈ సూది నడుస్తున్నన్నాళ్లు ఆ మాత్రలు బంద్. కాళ్లవాపుకని ఫ్రూసెమైడ్ వాడుతుంటే అదీ చెప్పండి, చెవికి ముప్పు పెరుగుతుంది. చెవిలో హోరు, చీకట్లో నడిస్తే తూలడం, నడుస్తుంటే ఎదురుగా బోర్డు మీది అక్షరాలు ఊగినట్టుండడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చెప్పాలి. కిడ్నీ కణాలు చాలావరకు మళ్లీ పుడతాయి. చెవిలోపలి కణాలు పుట్టవు.

ప్రశ్న: మా అమ్మకూ మేనమామకూ స్ట్రెప్టోమైసిన్ సూదులు పడిన కొద్దిరోజులకే చెవుడు వచ్చింది. మాకూ వస్తుందా?
పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: మందు పడితే రావచ్చు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగపు జన్యువులో 1555వ స్థానంలో ఒక అక్షరం మారినవారికి మామూలు డోసుకే, ఒక్కోసారి ఒకటి రెండు సూదులకే వినికిడి పోతుంది. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మీ అమ్మకు ఆ మార్పు ఉంటే మీకూ, మీ తోబుట్టువులకూ, మీ పిల్లలకూ ఉంటుంది. మీ మేనమామ పిల్లలకు, మీ అన్నదమ్ముల పిల్లలకు వారినుంచి రాదు. మేనరికాల్లో ఇది కాస్త తికమకే గానీ సూత్రం ఒకటే: బిడ్డ తల్లి ఎవరో చూడండి. ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లినా పెన్సిలిన్ పడదని చెప్పినట్టే ఈ సంగతీ చీటీ మీద రాయించండి. రక్తపరీక్షతో తేల్చుకోవచ్చు.

ప్రశ్న: పేరు చివర ‘మైసిన్’ ఉంటే అన్నీ ఈ జాతేనా? మాత్రలు ఎందుకు లేవు?
డి.ఫార్మసీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: కావు. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వేరే జాతి. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి నుంచి తీశారు, ఇంగ్లిషులో దాని ‘మైసిన్’కు ‘వై’ రాస్తారు. జెంటామైసిన్ మైక్రోమోనోస్పోరా నుంచి వచ్చింది, దానికి ‘ఐ’. తెలుగులో రాస్తే ఆ తేడా మాయం. ఇక మాత్ర సంగతి: ఈ అణువులకు ధనావేశం ఎక్కువ, పేగు గోడ దాటలేవు. నియోమైసిన్ మాత్ర ఉంది గానీ అది పేగు లోపలే పనిచేయడానికి. ఇంకొకటి గుర్తుంచుకో: జెంటామైసిన్‌ను ఆంపిసిలిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు, రెండూ రసాయనికంగా అతుక్కుని జెంటామైసిన్ చచ్చుబడుతుంది. ఒకటి అయ్యాక సెలైన్‌తో లైను కడిగి రెండోది ఎక్కించాలి.

ప్రశ్న: గేదెకు పొదుగువాపుకు జెంటామైసిన్ వేశారు. పాలు బాగా మరగబెట్టి తాగొచ్చా?
చీమకుర్తి రైతు

జవాబు: తాగకూడదు. మరగబెడితే ఈ మందు విరగదు. ఒక్క రొమ్ముకే జబ్బు వచ్చినా సూది ఒంటికి వేశారు గనుక నాలుగు రొమ్ముల పాలూ పారబోయండి, కేంద్రానికి పోయకండి. ఎన్ని రోజులన్నది సీసా లేబుల్ మీద ఉంటుంది. ఆ అంకె చివరి సూది నుంచి లెక్క, మొదటిదాన్నుంచి కాదు.