ముందు మూడు సెంట్ల వాషింగ్టన్‌తో కుస్తీ పట్టు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

1847 నాటి అయిదు సెంట్ల ఫ్రాంక్లిన్ స్టాంపు బేరం కుదిరేలా ఉందని రాశావు. చదివి చాలా సంబరపడ్డాను. కానీ ఆగు నాయనా, అప్పుడే డబ్బు కట్టకు.

అమెరికా మొత్తానికీ చెల్లేలా వేసిన తొలి స్టాంపులు రెండు. అదొకటి, పది సెంట్ల వాషింగ్టన్ ఇంకొకటి. వాటి అంచుల్లో చింపుకోడానికి చిల్లులు ఉండవు, కత్తెరతో కోసుకునేవారు. అందుకే నాలుగు వైపులా అంచు మిగిలిన దానికి అంత గిరాకీ. ఆ రోజుల్లో చాలాచోట్ల ముద్ర వేయకుండా కలంతోనే గీత కొట్టేసేవారు. ఆ గీతను కడిగేసి, వాడని స్టాంపని అమ్ముతారు. నేనూ అలాంటిదొకటి కొన్నాను. ఇంటికొచ్చి అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే ఫ్రాంక్లిన్ చెంప మీదుగా గీత తేలింది. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

పైగా 1875లో ప్రభుత్వమే ఈ రెంటినీ కొత్త ప్లేట్లతో, అంటే అచ్చు పలకలతో, మళ్లీ అచ్చు వేయించింది. భూతద్దం పెట్టి ఫ్రాంక్లిన్ చొక్కా కుచ్చు చూడు. ఎడమవైపు అది గుండ్రటి చట్రాన్ని తాకే చోటు, కింద ఉన్న 'ఫైవ్' మాటలో మొదటి అక్షరం తలతో సమంగా ఉంటే అసలుది. '5' అంకె తలతో సమంగా ఉంటే 1875ది.

నా మాట విని 1851 నాటి మూడు సెంట్ల వాషింగ్టన్లు ఓ పాతిక కొను. మామూలువి చవగ్గానే దొరుకుతాయి. ప్లేటుకు 200 స్టాంపులు. ప్లేటు మీద ప్రతి స్టాంపు గీతల్నీ చేత్తో మళ్లీ చెక్కారు కాబట్టి ఏ ఒక్కటీ పక్కదానిలా ఉండదు. కారల్ చేజ్ అనే డాక్టరు ఏళ్ల తరబడి కూర్చుని ఏది ఏ ప్లేటులో ఎక్కడిదో తేల్చాడు. ఆ పని నువ్వూ ఒక్కసారి చేసి చూడు, కన్ను దానంతటదే పదునెక్కుతుంది. తొలి ప్లేట్లవి నారింజ ఛాయ గోధుమరంగు, వాటికే విలువ. రంగు మాత్రం ఫోన్ తెరమీద తేల్చకు, పగటి వెలుతురులో చూడు.

కవరు మీదున్న స్టాంపును చచ్చినా నానబెట్టి ఊడదీయకు. ఊరి ముద్ర, తేదీ, కట్టిన రుసుము, దాని కథంతా ఆ కవరు మీదే ఉంటుంది. అమెరికాలో బెల్‌ఫాంట్‌లోని స్టాంపు సేకర్తల సంఘం, అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీలో చేరు, వాళ్ల లైబ్రరీ పుస్తకాలు ఇంటికే పంపుతుంది.

ఇక నీ ఫ్రాంక్లిన్ సంగతి. స్టాంపు అసలుదో కాదో తేల్చే న్యూయార్క్ ఫిలాటెలిక్ ఫౌండేషన్ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనంటే, అమ్మేవాడికో దండం పెట్టి వచ్చెయ్. పండక్కి ఇంటికి రా, నా మూడు సెంట్ల డబ్బా ముందేసుకుని కూర్చుందాం.

మీ బాబాయి