మ్యాప్ చూడగానే అర్థమవ్వాలి, చూడ్డానికి పొందికగానూ ఉండాలి, ఎలా గీయాలి?

పంచాయతీ ఆఫీసులో పెట్టడానికి మీ ఊరి మ్యాప్ తయారు చేస్తున్నారు, రంగులూ అక్షరాలూ గుర్తులూ ఎలా పెడితే బాగుంటుందని అడిగారు. మాది కోనసీమలో రాజోలు వైపు డీటీపీ, ఫ్లెక్సీ షాపు. శుభలేఖ వెనక కల్యాణ మండపానికి దారి చూపే బొమ్మ దగ్గర్నుంచి రొయ్యల చెరువుల లేఅవుట్ దాకా మా చేతుల మీదుగానే వెళ్తాయి, అందుకని ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. రంగుల సంగతి తర్వాత. ఆ మ్యాప్ ముందు నిలబడే మనిషి ఏం వెతుక్కుంటూ వస్తాడో ముందు ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. అది రాయలేకపోతే కంప్యూటర్ ఆన్ చేయొద్దు. నేను చూసిన చెడ్డ మ్యాపులన్నిటికీ ఒకటే జబ్బు, గీసినవాళ్ళు దేన్నీ వదులుకోలేకపోయారు.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది 2022 జులై వరదల్లో. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది, మా చుట్టుపక్కల లంకల్లో, అంటే ఏటి మధ్య ఊళ్ళలో, జనం గేదెల్ని తోలుకుని ఏటిగట్టు మీదకి చేరారు. అప్పుడు ఒక ఆఫీసు నుంచి పునరావాస కేంద్రాల మ్యాప్ అని పెద్ద ఫ్లెక్సీ వచ్చింది, మా షాపులో వేసింది కాదు. సగం ఫ్లెక్సీ నమస్కారం పెడుతున్న ఫొటోలే. మిగతా సగంలో వెనక శాటిలైట్ బొమ్మ, దాని మీద పసుపు రంగు అక్షరాలు, పక్కన గుర్తుల పట్టిక బారెడు.

శాటిలైట్ బొమ్మ పెడితే అసలు ఊరు కనిపిస్తుంది కదా అనుకుంటారు. కోనసీమలో కనిపించదండి. పైనుంచి చూస్తే అంతా కొబ్బరి మట్టలే, ఇళ్ళూ రోడ్లూ వాటి కింద ఉండిపోతాయి. ఇక రొయ్యల చెరువులు, చేపల చెరువులు ఏరు కంటే ఎక్కువ మెరుస్తూ కనిపిస్తాయి, ఏది గోదావరో ఏది చెరువో కొత్తవాడికి తెలియదు.

మాకు వరసకి బాబాయ్ అయ్యే ఒకాయన ఉన్నాడు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పడవ మీదే బతుకు. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇందులో మన రేవేదిరా?"

"ఇక్కడుండాలి బాబాయ్."

"ఉండాలేంటి, ఉందా లేదా? పోనీ గట్టేది? గట్టు లేకుండా వరదకి మ్యాపేంట్రా?"

నిజంగానే ఏటిగట్టు లేదు. వరదలో మనిషి నిలబడగలిగే ఒకే ఒక్క చోటు ఆ మ్యాపులో గీయలేదు, కానీ దిక్సూచి మాత్రం పువ్వులతో అరచేయంత వేశారు. నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఫ్లెక్సీని తిరగేసి గట్టు మీదే పరిచాం. పడవలకి రంగులేసే కుర్రాడి దగ్గర ఎనామిల్ డబ్బాలున్నాయి. బాబాయ్ చెప్తుంటే నేను గీశాను. ముందు నల్లరంగుతో లావుగా గట్టు. తర్వాత ఏరంతా లేత నీలం, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఖాళీ లేకుండా నింపేసరికి తెల్లగా మిగిలిన లంక దానంతటదే పైకి లేచినట్టు కనబడింది. బడి, తుఫాను షెల్టరు, పడవలు ఆగే చోట్లు ఎర్రరంగు, ఇంకెక్కడా ఎరుపు వాడలేదు. నేను రోడ్డు గీయబోతే బాబాయ్ ఆపాడు. "రోడ్డు మీద ఇప్పుడు నిలువు లోతు నీళ్ళురా, ఎవడికి కనబడుద్ది? వాటర్ ట్యాంకు పెట్టు, రామాలయం గోపురం పెట్టు, సెల్ టవర్ పెట్టు, నీళ్ళ పైకి కనిపించేవే పెట్టు." మ్యాపులో ఏ గుర్తులుండాలో ఇంతకంటే బాగా చెప్పిన మాట నేను ఎక్కడా వినలేదు.

ఒక పెద్దాయన ప్రతి వీధి పేరూ రాయాల్సిందేనని పట్టుబట్టాడు, మా వీధి లేకపోతే మేం ఈ ఊరివాళ్ళం కాదా అని. బాధ అర్థమైంది, అయినా రాయలేదు. కాసేపటికి చదువు రాని మామ్మ ఒకావిడ వచ్చి ట్యాంకు మీద వేలు పెట్టి, మా ఇల్లు దీని వెనకాలే కదా, అయితే బడికి ఇటునుంచి తీసుకెళ్తారా అంది. తెలుగు రాని రెస్క్యూ వాళ్ళు కూడా దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని పడవెక్కారు.

కాబట్టి మీ మ్యాపులో ఏది మొదట కంటబడాలి, ఏది తర్వాత, ఏది వెతికినవాడికే కనబడితే చాలు అని మూడు వరసలు పెట్టుకోండి. మొదటి వరసవి లావుగా, ముదురుగా. మూడో వరసవి సన్నగా, బూడిదరంగులో. గీశాక గోడకి తగిలించి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు చికిలించి చూడండి, అప్పుడు కూడా కనబడేదేదో అదే మీ మ్యాప్ చెప్తున్న మాట. అక్కడ ఊరి బదులు బోర్డరు డిజైను కనబడిందంటే బోర్డరు పీకేయండి. మా షాపుకి వచ్చేవాళ్ళు మ్యాపుకి కూడా పెళ్ళి కార్డు బోర్డరు అడుగుతారు, నేను వెయ్యను, కొందరు పక్క షాపుకి పోయారు, పోనివ్వండి.

రంగుల దగ్గర జనం ఎక్కువ పొరపాటు పడతారు. రకాలు వేరని చూపడానికి రకానికి ఒక రంగు, ఎక్కువ తక్కువలు చూపడానికి ఒకే రంగులో లేత నుంచి ముదురు. ఫ్రాన్స్ కార్టోగ్రాఫర్, అంటే మ్యాపులు గీసే నిపుణుడు, జాక్ బెర్టిన్ 1967లోనే దీన్ని సిద్ధాంతం చేసి పెట్టాడు, సైజు, ఆకారం, ముదురుదనం, రంగు లాంటివి ఒక్కోటి ఒక్కో పనికే పనికొస్తాయని. మనకి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఏ హెచ్చరికకి ఊళ్ళో ఎక్కడిదాకా నీళ్ళొస్తాయో చూపించాలంటే పచ్చ, పసుపు, ఎరుపు వద్దు. మొదటి హెచ్చరికకే మునిగేచోటు ముదురు నీలం, రెండోదానికి మునిగేది కాస్త లేత, మూడోదానికి మునిగేది ఇంకా లేత. చెప్పకుండానే ఎక్కడ ఎక్కువ ప్రమాదమో తెలుస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళకి ఎవరూ ఆ సంగతి చెప్పి ఉండరు కూడా. పైగా ఎంత రంగుల మ్యాపైనా చివరికి పంచాయతీలో బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీసే పంచుతారు, కాబట్టి ఫైనల్ ప్రింటుకి ముందే ఒక జిరాక్స్ తీసి చూసుకోండి.

డెల్టాలో ఇంకో చిక్కు, నీళ్ళన్నీ నీలమే. పంట కాలవ నీళ్ళు తెస్తుంది, మురుగు కాలవ పొలాల్లో నీళ్ళు తీసుకుపోతుంది, రెండూ ఒకేలా గీస్తే రైతుకి ఆ మ్యాప్ దండగ. ఒకటి గీత, ఒకటి చుక్కల గీతగా పెట్టండి. పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర కాలవ గోదావరి వైనతేయ పాయ మీదుగా దాటుతుంది. అలాంటి చోట రెండు నీలాలూ కలిసిపోతే కాలవ వెళ్ళి ఏట్లో పడిపోయినట్టుంటుంది. కాలవ గీత తెగకుండా పైనుంచి వెళ్ళాలి, దానికి అటూ ఇటూ సన్నటి తెల్ల అంచు ఇస్తే సరిపోతుంది.

అక్షరాల విషయంలో ఇంగ్లిష్ పాఠాలు మనకి సగమే పనికొస్తాయి. వాళ్ళు జిల్లా పేరు పెద్దబడిలో, ఊరి పేరు చిన్నబడిలో, నది పేరు ఇటాలిక్‌లో రాస్తారు. తెలుగులో పెద్దబడి లేదు, ఇటాలిక్ మన అక్షరానికి అతకదు. మనకున్నవి సైజు, లావు, రంగు, అక్షరాల మధ్య ఎడం, అంతే. నది పేరు నీలంలో, పాయ వంపు వెంబడే రాయండి, కానీ ఒత్తులు ఊడిపోకుండా చూసుకోండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు వంపులో రాసేటప్పుడు ఒత్తునీ అక్షరాన్నీ విడదీసేస్తాయి. ఇంగ్లిష్‌లో చదవగలిగిన సైజులో తెలుగు పెడితే గుణింతాలు పూడిపోతాయి, ఒక సైజు పెంచాల్సిందే, పెంచితే చోటు చాలదు, చోటు చాలకపోతే పేర్లు తగ్గించాలి, తిరిగి తిరిగి వదులుకోవడం దగ్గరికే వస్తాం.

పేరు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యం. స్విట్జర్లాండ్‌కి చెందిన కార్టోగ్రాఫర్ ఎడ్వర్డ్ ఇంహోఫ్ చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది, ఒడ్డున ఉన్న ఊరి పేరు ఆ ఒడ్డునే ఉండాలని. సఖినేటిపల్లి గోదావరి వశిష్ఠ పాయకి ఇటు, నరసాపురం అటు. చోటు లేదని సఖినేటిపల్లి పేరుని ఏరు దాటించి రాశారనుకోండి, ఏరు దాటడానికి పంటు (జనాన్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) ఎక్కాల్సిన మనిషి ఎక్కనక్కర్లేదనుకుంటాడు.

పొందిక అంటే ఎడమా కుడీ సమానంగా పెట్టడం అనుకోవద్దు. మన డెల్టాకి ఒక సహజమైన వాలు ఉంది, పైన ధవళేశ్వరం దగ్గర మొన, అక్కడి నుంచి గౌతమి, వశిష్ఠ విడిపోయి కింద సముద్రం దాకా పరుచుకుంటుంది. ఉత్తరం పైన పెట్టి గీస్తే కింద కుడి మూల బంగాళాఖాతం ఖాళీగా దొరుకుతుంది. శీర్షిక, గుర్తుల పట్టిక, స్కేలు అక్కడ పెట్టండి, బరువు సరిపోతుంది, నేల మీద చోటు మిగులుతుంది. మీ ఊరికి సముద్రం లేకపోతే ఏరు వెడల్పుగా ఉన్నచోటు చూడండి. అసలు విషయాన్ని కాగితం నడిమధ్యకన్నా రవ్వంత పైకి జరపండి, కంటికి అదే మధ్యలా అనిపిస్తుంది. ఖాళీ కనబడగానే లోగో పెడదామనేవాళ్ళుంటారు, ఒప్పుకోవద్దు.

ఊరి ఎల్లతో మ్యాపుని కత్తిరించేయొద్దు కూడా. వశిష్ఠకి అవతలున్న నరసాపురం, పాలకొల్లు వేరే జిల్లా అని కొన్ని మ్యాపుల్లో తెల్లగా వదిలేస్తున్నారు. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ ఒక బొక్క. మన ఆసుపత్రీ మన సంతా మన చుట్టాలూ అవతల ఒడ్డునే ఉంటే అక్కడ తెల్లకాగితమా! లేత బూడిదరంగులో పక్క ఊళ్ళు, వంతెనలు, రేవులు చూపించండి.

శుభలేఖ వెనక బొమ్మకి ఇవేవీ అక్కర్లేదు. లండన్ మెట్రోకి హ్యారీ బెక్ గీసిన పటం 1933లో వచ్చింది, దూరాలు వదిలేసి వరస మాత్రమే ఉంచాడు, రావులపాలెం దగ్గర హైవే దిగి ఎన్నో మలుపులో తిరగాలో చెప్పడానికి ఆ పద్ధతి చాలు. పంచాయతీ మ్యాపుకి మాత్రం దూరాలు కావాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు (ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు) చూస్తే కాలవలు, గట్లు, రోడ్లు ఎంత శుభ్రంగా ఉంటాయో తెలుస్తుంది. కానీ స్కేలుని అంకెలతో రాసి ఊరుకోవద్దు, ఫ్లెక్సీకి పెంచినా జిరాక్సులో తగ్గించినా ఆ అంకె అబద్ధమైపోతుంది. అర కిలోమీటరు అని ఒక గీత గీసి పెట్టండి, మ్యాపుతో పాటు అదీ పెరుగుతుంది, తగ్గుతుంది.

తేదీ కూడా వేయండి, నెలతో సహా, చిన్నగా కాదు, శీర్షిక కిందే. లంకల్లో ఒడ్డు ఏటా కోతకి పోతుంటుంది, కొబ్బరి చెట్లు వరసలకి వరసలు ఏట్లోకి ఒరుగుతున్నాయి. మీది ఏటి ఒడ్డు ఊరైతే పాత గట్టు ఎక్కడుండేదో ఊళ్ళో పెద్దల్ని అడిగి ఆ గీత కూడా సన్నగా వేయండి.