బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు అంత వింతగా ఎందుకుంటాయి?

చాలావరకు అవి ముద్దుపేర్లండి. అక్కడ అసలు పేర్లు చాంతాడంత ఉంటాయి కాబట్టి ఇంట్లోనో వీధిలోనో పిలిచే పేరే జెర్సీ మీదికీ, కామెంటరీలోకీ వచ్చేస్తుంది. పీలే అసలు పేరు ఎడ్సన్ అరాంటెస్ దో నాసిమెంటో. కాకా పేరు రికార్డో, కానీ తమ్ముడికి చిన్నప్పుడు నోరు తిరగక అలా పిలిచాడు, అదే ఉండిపోయింది.

1994లో కెప్టెన్‌గా ప్రపంచ కప్ ఎత్తిన దుంగా సంగతి ఇంకా సరదాగా ఉంటుంది: ఏడుగురు మరుగుజ్జుల కథలో డోపీని పోర్చుగీసులో దుంగా అంటారు, చిన్నప్పుడు పొట్టిగా ఉన్నాడని ఇంట్లోవాళ్లు ఆ పేరు పెట్టారు. తెలుగులో దుంగంటే మొద్దు కదా, మనకు ఇంకాస్త నవ్వొస్తుంది.

పక్షులూ ఉన్నాయి. గరించా అంటే చిన్న పిట్ట, పాటో అంటే బాతు, గాన్సో అంటే పెద్దబాతు. 2010 ఆగస్టులో అమెరికాతో మ్యాచ్‌లో ఈ రెండు బాతులూ ఒకే టీమ్‌లో దిగాయి, పాటో గోల్ కూడా కొట్టాడు! పాటో పేరు మాత్రం అతను పుట్టిన పాటో బ్రాంకో ఊరి నుంచి వచ్చింది, ఆ ఊరి పేరుకు అర్థం తెల్ల బాతు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది సోక్రటీస్. అది ముద్దుపేరు కాదు, గ్రీకు తత్వవేత్తలంటే ప్రాణమైన తండ్రి పెట్టిన అసలు పేరే. 1982 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ కెప్టెన్ అతనే, పైగా డాక్టరు చదువు చదివినవాడు.