మీ ప్రశ్నలు – మా జవాబులు: తెరచాపల యుద్ధనౌకల్లో వైద్యం

ట్రఫాల్గర్ యుద్ధం మీద మేం వేసిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వైద్యం గురించే. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ రాయల్ నేవీ రికార్డులు విరివిగా మిగిలాయి కాబట్టి ఆ నౌకల మీదే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నావికుడికి అసలు భయం ఫిరంగి గుండే కదా?

కాదు. ట్రఫాల్గర్ యుద్ధం జరిగిన 1805 అక్టోబర్ 21న, బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ ఉన్న విక్టరీ నౌకలో 57 మంది చనిపోయారు, 102 మంది గాయపడ్డారు. అలాంటి రోజు ఒక కళాసీ జీవితంలో ఒకటో రెండో రావచ్చు, అసలు రాకపోవచ్చు. నెపోలియన్‌తో జరిగిన యుద్ధాల కాలం మొత్తం మీద రాయల్ నేవీ పోగొట్టుకున్న ప్రాణాల్లో శత్రువు తీసినవి పదో వంతు కూడా లేవు. టైఫస్, ఎల్లో ఫీవర్, మలేరియా, రక్త విరేచనాలు, క్షయ, ఇవే అసలు శత్రువులు. ఆ తర్వాత ప్రమాదాలు: తెరచాప స్తంభం మీంచి జారిపడటం, దొర్లిన పీపా కింద కాలు నలగడం, సముద్రంలో పడి మునిగిపోవడం. బరువైన మోకులు లాగీ లాగీ హెర్నియా తెచ్చుకున్నవాళ్ళు ఎంత ఎక్కువమందంటే, దానికి కట్టుకునే పట్టీలను నేవీయే పంచేది.

టైఫస్ ఎక్కువగా కొత్తగా పట్టుకొచ్చిన మనుషులతో ఓడెక్కేది. జైళ్ళ నుంచీ రేవు వీధుల నుంచీ బలవంతంగా తెచ్చినవాళ్ళ బట్టల్లో పేలు ఉండేవి. మనిషికి 14 అంగుళాల వెడల్పున వేలాడే పడకలు కట్టిన డెక్కులో (ఓడ అంతస్తులో) ఒకరి పేలు ఇంకొకరికి ఎక్కడానికి ఎంతసేపు? పేలే కారణమని 1909లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ నికోల్ తేల్చేవరకు ఎవరికీ తెలియదు. అయినా పద్దెనిమిదో శతాబ్దంలోనే నేవీ వైద్యుడు జేమ్స్ లిండ్ చెప్పిన పద్ధతి సరైనదే: కొత్తవాడిని ముందు వేరే ఓడలో ఉంచి, స్నానం చేయించి, పాత బట్టలు తీసేసి, నేవీ బట్టలు ఇచ్చాకే యుద్ధనౌక ఎక్కించాలి. దుర్వాసనే రోగమని అప్పటి వైద్యులు నమ్మారు. ఆ నమ్మకం తప్పే అయినా, వాసన వదిలించబోయి పేలను వదిలించారు.

ప్రశ్న: కాలు తీసెయ్యడం రెండు నిమిషాల్లో అయిపోయేదట. మత్తుమందు లేకుండా ఎలా చేసేవారు?

కోతా రంపమూ కలిపి రెండు మూడు నిమిషాలన్నది నిజమే. రక్తనాళాలు కట్టి, కట్టు వేసి ముగించేసరికి అంతకు చాలా రెట్లు పట్టేది.

ఆ పని చేసే చోటు ఓర్లాప్ డెక్కు, అంటే ఓడలో అట్టడుగు అంతస్తు. అది నీటిమట్టానికి దిగువన ఉంటుంది కాబట్టి గుండ్లు అక్కడిదాకా రావడం అరుదు. మిడ్‌షిప్‌మెన్ (శిక్షణలో ఉన్న యువ అధికారులు) పెట్టెలను దగ్గరికి జరిపి, పైన తెరచాప గుడ్డ పరిస్తే అదే బల్ల. పట్టపగలైనా లాంతరు వెలుతురే గతి. ట్రఫాల్గర్ రోజున విక్టరీలో ఉన్న ఎనిమిది వందల పైచిలుకు మందికి సర్జన్ విలియం బియటీ, ఆయన కింద ఇద్దరు సహాయకులు, అంతే. హోదా చూడకుండా, దించిన వరసలోనే గాయపడ్డవాళ్ళను చూడాలన్నది ఆనవాయితీ. దానివల్ల చిన్న గాయం ముందు వచ్చి, రక్తం కారిపోతున్నవాడు వెనక మిగిలిపోయే ప్రమాదం ఉండేది.

ఇక తొడ దగ్గర తీయడం ఎలాగో చూద్దాం. ముందు తొడ ధమని మీద గట్టి గుడ్డ మెత్త పెట్టి, ఫ్రెంచి సర్జన్ పెటీ 1718లో రూపొందించిన మర టూర్నికే పట్టీని దాని మీదుగా బిగిస్తారు. మర తిప్పేకొద్దీ ధమని నొక్కుకుపోతుంది. పొడుగాటి కత్తితో మొదటి కోత చుట్టూరా, చర్మమూ కొవ్వూ వరకే. సహాయకుడు రెండు చేతులతో ఆ చర్మాన్ని పైకి లాగి పట్టుకుంటాడు. లాగిన అంచు దగ్గర రెండో కోత, ఈసారి కండరాల్లోంచి ఎముక దాకా. తెగిన కండ ముడుచుకుని పైకి పోతుంది. మధ్యకు చీల్చిన గుడ్డను ఎముక చుట్టూ వేసి మాంసాన్ని ఇంకా పైకి లాగి, ఎంత వీలైతే అంత పైన రంపం పెడతారు. చివర్లో రంపం నెమ్మదించాలి, కాలు పట్టుకున్నవాడు దాన్ని కిందికి వాలనివ్వకూడదు. వాలితే ఎముక తెగకుండా విరుగుతుంది, మొనదేలిన ముక్క మిగిలిపోతుంది. మోకాలి దిగువన అయితే ఎముకలు రెండు కాబట్టి, వాటి మధ్య కండ తెంచడానికి రెండంచుల సన్నకత్తి వేరే ఉండేది.

ఇన్ని కోతలు ఎందుకంటే, ఒకే కోతతో కండా ఎముకా ఒకే మట్టాన తెగితే కండ వెనక్కి ముడుచుకుపోయి ఎముక బయటికి పొడుచుకొస్తుంది. ఆ మొండి ఎప్పటికీ మానదు, దానికి కొయ్యకాలు కట్టడమూ కుదరదు.

తర్వాతది ఓపిక పని. ధమని కొసను కొక్కెంతో బయటికి లాగి, మైనం పట్టించిన దారంతో ముడి వేస్తారు. టూర్నికేను కాస్త వదులు చేస్తే ఇంకా ఎక్కడ చిమ్ముతుందో కనబడుతుంది, దాన్నీ కడతారు. దారం కొసలను కత్తిరించకుండా గాయంలోంచి బయటికి వేలాడదీస్తారు. నాళం కొస కుళ్ళాక ముడి ఊడి, దారం లాగితే వచ్చేస్తుంది. మామూలుగా దీనికి రెండు మూడు వారాలు. నెల్సన్ కుడిచెయ్యి 1797 జూలైలో తీశారు. ధమనితోపాటు నరం కూడా ముడిలో పడిందని వైద్యులు అనుమానించారు. డిసెంబర్‌లో దారం ఊడివచ్చేదాకా ఆయనకు నొప్పి తగ్గలేదు.

అసలు గండం మొదటి వారం దాటాక వస్తుంది. ముడి ఊడేటప్పుడు నాళం సరిగ్గా మూసుకుని ఉండకపోతే అర్ధరాత్రి రక్తం పొంగుతుంది. అందుకే టూర్నికేను మొండికి వదులుగా తగిలించి ఉంచేవారు, పక్కనున్నవాడు మర తిప్పితే చాలు. ధనుర్వాతం వస్తే మాత్రం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

నొప్పికి కాస్త రమ్ము, కరిచిపట్టుకోవడానికి తోలు ముక్క, కోత అయ్యాక నల్లమందు ద్రావకం. 1846లో ఈథర్, 1847లో క్లోరోఫాం వచ్చాకే నిజమైన మత్తు సాధ్యమైంది. గాయపడిన వెంటనే తీయాలా, వాపు తగ్గేదాకా ఆగాలా అని సర్జన్లు చాలాకాలం వాదించుకున్నారు. వెంటనే తీయడమే మేలని 1816 అల్జీర్స్ బాంబు దాడిలో గాయపడినవాళ్ళ వివరాలతో నేవీ సర్జన్ కోప్లండ్ హచిసన్ వాదించాడు. ఆయన మాటే సరి. ఓడ మీద ఆగడమంటే గాయంలోకి విషం ఎక్కేందుకు వ్యవధి ఇవ్వడమే.

ఇంకొక మాట. గుండు నేరుగా తగిలినవాళ్ళ కంటే, అది ఓక్ గోడను బద్దలు కొట్టినప్పుడు ఎగిరిన చెక్కపేళ్ళు దిగినవాళ్ళే ఎక్కువ. పేడుతోపాటు చొక్కా పీలిక కూడా మాంసంలోకి పోతుంది. సర్జన్ ముందు వేలు పెట్టి వెతికేది దానికోసమే, ఎందుకంటే లోపల మిగిలిన గుడ్డ కచ్చితంగా చీము పట్టిస్తుంది.

ప్రశ్న: నిమ్మరసంతో స్కర్వీని 1795లోనే జయించారంటారు. మరి 1875లో మళ్ళీ ఎలా వచ్చింది?

మంచి ప్రశ్న. స్కర్వీ విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు. విటమిన్ సి దాదాపు అందకుండా రెండు మూడు నెలలు గడిస్తే కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్‌ను శరీరం తయారు చేయలేదు. చిగుళ్ళు ఉబ్బి రక్తం కారతాయి, కాళ్ళ మీద వెంట్రుకల మొదళ్ళలో ఊదా చుక్కలు వస్తాయి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ నోరు తెరుస్తాయి. లిండ్ 1747లో సాలిస్‌బరీ నౌకలో పన్నెండు మంది రోగులను జంటలుగా విడదీసి, ఆరు రకాల మందులు ఇచ్చి చూశాడు. రోజుకు రెండు నారింజలూ ఒక లెమనూ తిన్న జంట అందరికంటే ముందు లేచి తిరిగింది. అయినా అధికారులు కదలడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. 1794లో సఫోక్ అనే నౌక మద్రాసు దాకా 23 వారాలు నేలను తాకకుండా వచ్చింది. లెమన్ రసాన్ని చక్కెరతో రోజూ గ్రాగ్‌లో (నీళ్ళు కలిపిన రమ్ములో) కలిపి ఇచ్చారు. స్కర్వీతో ఒక్కరూ చనిపోలేదు. వైద్యుడు గిల్బర్ట్ బ్లేన్ వంటివారి పట్టుదలతో 1795లో నేవీని నడిపే అడ్మిరాల్టీ ఒప్పుకుంది. రోజుకు మనిషికి ముప్పావు ఔన్సు, అంటే దాదాపు 21 మిల్లీలీటర్లు. గ్రాగ్‌లో కలపడం తెలివైన ఏర్పాటు, ఎందుకంటే దాన్ని వదులుకునే కళాసీ ఉండడు.

అవి మధ్యధరా ప్రాంతపు పసుపు లెమన్లు. 1860ల్లో నేవీ బ్రిటిష్ పాలనలోని వెస్టిండీస్ తోటల లైమ్‌కు (చిన్న పచ్చ నిమ్మకు) మారింది. పులుపు ఎక్కువ కాబట్టి బలమూ ఎక్కువే అనుకున్నారు. మందు పనిచేసేది పులుపు వల్ల కాదు. పైగా రసాన్ని గాలి తగిలేలా నిలవ ఉంచి, రాగి గొట్టాల గుండా పంపేవారు. గాలీ రాగీ కలిస్తే విటమిన్ సి నాశనమైపోతుంది. అప్పటికి ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణాలు కురచైపోవడంతో ఆ రసం పనికిరాదన్న సంగతి బయటపడలేదు. 1875–76లో నేవీ అధికారి జార్జ్ నేర్స్ అలర్ట్, డిస్కవరీ నౌకలతో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళినప్పుడు స్కర్వీ విరుచుకుపడింది. స్లెడ్జి బళ్ళ మీద వెళ్ళినవాళ్ళు, సీసాలు గడ్డకడతాయని రసం తీసుకెళ్ళలేదు. విచారణలో తప్పంతా దాని మీదే వేశారు. తీసుకెళ్ళి ఉన్నా పెద్దగా కాపాడేది కాదు. 1918లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హారియెట్ చిక్ బృందం జంతువులపై పరీక్షించి చూస్తే, లైమ్ రసం బలం లెమన్ రసంలో సుమారు నాలుగో వంతే. నిలవ చేసినదైతే దాదాపు సున్నా.

ప్రశ్న: డెక్కులను రోజూ నీళ్ళతో కడగడం ఆరోగ్యానికేనా?

పై డెక్కు వరకు సరే. కింది డెక్కులను నీళ్ళతో కడిగితే చెమ్మ ఆరక, ఛాతీ జబ్బులు పెరుగుతున్నాయని చాలామంది సర్జన్లు ఆక్షేపించారు. అక్కడ పొడి ఇసుకతో రాయి రుద్ది, ఊడ్చి, వేలాడే పొయ్యిలు పెట్టి ఆరబెట్టమన్నది వాళ్ళ సలహా.

ప్రశ్న: ఆఫ్రికా తీరంలో క్వినైన్ ఎలా వాడారు?

1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్టియే, కావాంటూ సింకోనా చెట్టు బెరడు నుంచి మలేరియా మందు క్వినైన్‌ను వేరు చేశారు. మొదట్లో జ్వరం వచ్చాకే ఇచ్చేవారు. 1841లో నైజర్ నదిలోకి మూడు ఆవిరి నౌకలు వెళ్ళి, జ్వరాలతో కుప్పకూలి తిరిగొచ్చాయి. పడవల్లో ఒడ్డుకు వెళ్ళేవాళ్ళకు ముందుగానే వైన్‌లో కలిపి ఇవ్వాలనీ, తిరిగొచ్చాక కూడా సుమారు రెండు వారాలు మానకూడదనీ నేవీ సర్జన్ అలెగ్జాండర్ బ్రైసన్ పట్టుబట్టాడు. ఆ రెండు వారాలే కీలకం, ఎందుకంటే దోమకాటుకూ జ్వరానికీ మధ్య దాదాపు అంత వ్యవధి ఉంటుంది. 1854లో బైకీ నాయకత్వంలో ప్లెయడ్ నౌక అదే నైజర్ మీద నెలల తరబడి తిరిగింది. అందరూ రోజూ క్వినైన్ తీసుకున్నారు. ఒక్క యూరోపియన్ కూడా చనిపోలేదు.

ఎల్లో ఫీవర్‌కు మాత్రం క్వినైన్ పనిచేయదు, అది వైరస్. దాన్ని మోసే దోమ ఓడలోని నీళ్ళ పీపాల్లోనే పుడుతుంది కాబట్టి తీరం వదిలినా జబ్బు వదలదు. 1845లో ఎక్లేర్ నౌక ఆఫ్రికా నుంచి ఇంగ్లండ్ చేరేదాకా మనుషులు రాలిపోతూనే ఉన్నారు.

ప్రశ్న: ఆ సర్జన్ల రికార్డులు ఇప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు. లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 101 అనే వరసలో సర్జన్ల దినచర్యలు ఉన్నాయి. చదివేటప్పుడు జబ్బు పేరును నమ్మకుండా లక్షణాలనూ తేదీలనూ చూడండి. జ్వరం రోజు విడిచి రోజు వస్తోందని రాసుంటే మలేరియా అయ్యే అవకాశం ఎక్కువ. ఒళ్ళు పచ్చబడి నల్లటి వాంతి అయితే ఎల్లో ఫీవర్. నౌక హాజరు పట్టీల్లో పేరు పక్కన డి.డి. అని ఉంటే చనిపోయాడనీ, డి.ఎస్.క్యూ. అని ఉంటే ఒడ్డున వైద్యశాలకు పంపారనీ అర్థం. డి.ఎస్.క్యూ. అయినవాడి తర్వాతి సంగతి ఆ నౌక పట్టీలో దొరక్కపోవచ్చు. అప్పుడు హాస్లార్, ప్లిమత్ వంటి నేవీ ఆసుపత్రుల పట్టీల్లో వెతకాలి.