మేడ మీద వాటాలో జర్మనీ ఇంజనీరు: ముందు నమోదు, తర్వాత కరెంటు

అన్నా, కావలిలో మీ మేడ మీద దిగిన జర్మనీ ఇంజనీరుకు కరెంటు పోతే ఇంటర్నెట్ కూడా పోతోందని, ఖాళీ చేస్తాడేమోనని రాశారు. అంతకన్నా ముఖ్యమైనది మీరు అడగలేదు. విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఆ వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేయాల్సింది ఇంటి యజమానే. చేయకపోతే ఈరోజే చేయండి, దయచేసి వాయిదా వేయకండి.

ఇక కరెంటు. అతను పనిచేసేది జర్మనీ వేళల్లో కదా, అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. మే నెలలో కరెంటు పోయేదీ సరిగ్గా అప్పుడే! 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీతో ఇన్వర్టర్ పెట్టించండి. ల్యాప్‌టాప్, ఫ్యాను, రౌటర్ కలిపి 150 వాట్లు దాటవు కాబట్టి, కొత్త బ్యాటరీ అయితే ఏడెనిమిది గంటలు లాగుతుంది. రౌటర్ ప్లగ్గును ఇన్వర్టర్ లైనుకే కలిపించడం మాత్రం మరవకండి. మా ఇంట్లో అది వదిలేసి నెల రోజులు అవస్థపడ్డాం. అయితే వీధిలోని ఇంటర్నెట్ కేబుల్ పెట్టెకు కరెంటు లేకపోతే మీ ఇన్వర్టర్ ఏమీ చేయలేదు. అందుకని వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోనులో ఉంచుకోమనండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలమని అతనికి ఇప్పుడే చెప్పండి. వాయుగుండం వార్త రాగానే ముఖ్యమైన పనులు ముందుకు జరుపుకుంటాడు.