ఇంట్లో ఉన్న మామూలు సరుకులతోనే కొత్త రుచి ఎలా తేవాలి?

ఇంట్లో ఎప్పుడూ ఉండేవి బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, గుడ్లు, అన్నమేనని, కొత్త సరుకులేవీ కొనకుండా వీటితోనే కొత్తగా ఏమైనా చేయవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయవచ్చు. మా ఇంట్లో చాలా ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. బాగా అలసిపోయి వచ్చిన రోజు మా వారైనా, పిల్లలైనా అడిగేది తెలిసిన రుచినే. అందుకే పది రకాల పొడులు చల్లి ఆ రుచిని కప్పేయడం నాకు నచ్చదు. సరుకును అలాగే ఉంచి సెగనో, తడినో, వేసే వరుసనో మారుస్తాను. అదీ ఒక పూటకు ఒక్కటే. మూడూ ఒకేసారి మారిస్తే వంట బాగా కుదిరినా ఎందువల్ల కుదిరిందో తెలియదు, మర్నాడు మళ్లీ అలా రాదు.

బంగాళాదుంపతో మొదలుపెట్టండి. ముక్కలు ఉడికించే నీళ్లలో రెండు లీటర్లకు అర టీస్పూను వంటసోడా, కొంచెం ఉప్పు వేయండి. ముక్కల అంచులు మెత్తబడి పిండిపిండిగా అవుతాయి. అప్పుడు నీళ్లు వంచేసి, ఆవిరి పోయేదాకా రెండు నిమిషాలు ఆగి, చెంచాడు నూనె వేసి, మూతపెట్టి గిన్నెను గట్టిగా కుదపండి. ప్రతి ముక్క చుట్టూ పల్చటి గుజ్జు పూత పడుతుంది. వేడి పెనం మీద గానీ ఓవెన్‌లో గానీ ఎర్రగా కాల్చినప్పుడు కరకరలాడేది ఆ పూతే. లోపలంతా మెత్తగానే ఉంటుంది. కూరగాయల కణాలను పట్టి ఉంచే పెక్టిన్‌ను సోడా త్వరగా కరిగిస్తుంది. పులుపు దీనికి సరిగ్గా ఎదురు. నీళ్లలో కాస్త వెనిగర్ కలిపితే ముక్కలు చెదరకుండా నిలుస్తాయి, సలాడ్‌కు అలా ఉడికించినవే బాగుంటాయి. టమాటాలు ముందే వేసిన కూరలో దుంపలు ఎంతకీ ఉడకకపోవడానికి కారణం కూడా ఈ పులుపే. దుంపలు ముప్పావు వంతు ఉడికాక టమాటాలు వేసి చూడండి, అదే కూర ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

ఇక ఉల్లిపాయ. నా లెక్కలో వంటింట్లో దీన్ని మించినది లేదు. పచ్చిగా ఘాటు, దోరగా వేగితే తీపి, సన్న సెగ మీద ముప్పావు గంట మగ్గితే ముదురు గోధుమ రంగు గుజ్జు. మూకుడు నిండా పోసిన సన్నని తరుగు చివరికి గుప్పెడంత అవుతుంది. మధ్యలో అడుగున గోధుమ రంగు పొర అంటుకుంటుంది. అది మాడు కాదు, పారేయకండి. రెండు చెంచాల నీళ్లు చల్లి అట్లకాడతో గీకితే ఆ పొర కరిగి ఉల్లిపాయలకే పడుతుంది. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. రంగు, రుచి ప్రతిసారీ ఒక మెట్టు పైకి వెళ్తాయి. ఆ గుజ్జు రెండు చెంచాలు ఉంటే చాలు, ఉత్త అన్నమైనా, ఉడికించిన దుంపలైనా, కాల్చిన బ్రెడ్డు ముక్కైనా విందు భోజనమే. ఒకేసారి ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నాలుగు రోజులు వస్తుంది.

ఈ ఎరుపు వెనక ఉన్న రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మైయార్ 1912లో వివరించారు. వేడికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త రుచులను, వాసనలను పుట్టిస్తాయి. అది జోరుగా సాగాలంటే దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నీళ్లేమో 100 డిగ్రీలకే మరుగుతాయి. పైన తడి ఉన్నంతసేపూ సెగంతా ఆవిరికే ఖర్చవుతుంది. అందుకే వేయించే ముందు ముక్కలను గుడ్డతో అద్దండి, పెనం మీద కిక్కిరిసేలా వేయకండి. వేశాక వెంటనే కదపకండి కూడా. చాలామందికి ఈ ఓపికే ఉండదు.

గుడ్డుకు కావలసింది సెగ మీద అదుపు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలవుతుంది కాబట్టి, గిలకొట్టిన గుడ్డును చాలా సన్న సెగ మీద కలుపుతూ పోతే మీగడలా వస్తుంది. బాగా కాగిన నూనెలో కొట్టి పోస్తే అంచులు పెళుసుగా వేగుతాయి, పచ్చసొన జారుగానే ఉంటుంది. ఇవి రెండూ ఒకే గుడ్డంటే నమ్మబుద్ధి కాదు.

మిగిలిన అన్నాన్ని నేను నూనె రాసిన పెనం మీద పరిచి, అరచేతి మందాన అట్లకాడతో అదిమి, మధ్య సెగ మీద పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తాను. అడుగు బంగారు రంగులోకి తిరుగుతుంది. దాని మీద ఉల్లి గుజ్జు, పైన పెళుసు అంచుల గుడ్డు. తినే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం. చప్పగా అనిపించినప్పుడు ఉప్పు డబ్బా కోసం చేయి చాపకముందే ఈ నిమ్మరసం పిండి చూడండి, చాలాసార్లు లోటు అదే అయి ఉంటుంది.

అన్నం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. వండినా చావని బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అందులో ఉండవచ్చు. గది వేడిలో గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. మర్నాటికి కావాలనుకున్న అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి.